పిన్నికా, పిన్ని కూతురికా? బీఆర్‌సీఏ టెస్టు ముందు ఎవరికి, ఏది మేలు?

నరసన్నపేటలో మా పిన్నికి 38 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అమ్మమ్మ కూడా ఆ జబ్బుతోనే పోయింది, అందుకే ఇంట్లో ఇప్పుడు జీన్ టెస్టు గోల. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లలో చెడ్డ మార్పు ఉంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది, అది తల్లిదండ్రుల నుంచి బిడ్డలకి రావొచ్చు, దానికోసమే ఈ టెస్టు. పిన్ని కూతురు ఆన్‌లైన్లో ఉమ్మి పంపే కిట్ చూపిస్తోంది, మా అన్నయ్యేమో ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా వైజాగ్ లో రక్తం ఇచ్చేసి ఎనభై జీన్లని ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్ టెస్టు చేయించేద్దాం అంటున్నాడు. నేనైతే ముందు పిన్నికే, అది కూడా బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పాల్బీ2, టీపీ53 లాంటి కొద్ది జీన్లతో చిన్న ప్యానెల్ చాలంటాను.

కిట్ సంగతి తొందరగా తేల్చేద్దాం. 2018లో మందులకీ టెస్టులకీ అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి ఒక కిట్‌కి ఒప్పుకున్నప్పుడు ఆ కిట్ చూసింది అష్కెనాజీ యూదుల్లో (తూర్పు, మధ్య యూరప్ మూలాల యూదులు) ఎక్కువగా కనబడే మూడంటే మూడు మార్పులు. వాళ్ళలో నలభై మందిలో ఒకరికి వీటిలో ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి వాళ్ళకి పనికొస్తుంది. ఆ మూడిట్లో 185డెల్ఏజీ అనేది దక్షిణాది కుటుంబాల్లో కూడా అక్కడక్కడా దొరికింది, నిజమే, కానీ రెండు బీఆర్‌సీఏ జీన్లలో జబ్బు తెచ్చే మార్పులు వేలల్లో ఉన్నాయి, మూడు లేవని నెగెటివ్ ఇస్తే మనకేటి సంబరం?

పెద్ద ప్యానెల్ తో తంటా వేరు. జీన్లు పెరిగేకొద్దీ రిపోర్టులో 'వీయూఎస్' అని వస్తుంటాయి, అంటే మార్పు కనబడింది గానీ మంచిదో చెడ్డదో తేలలేదని. ల్యాబులు పోల్చి చూసుకునే డేటా ఎక్కువభాగం యూరప్ మూలాలవాళ్ళది, అందుకే మనలాంటోళ్ళకి ఇవి ఎక్కువ పడతాయి. మన దగ్గర తరతరాలుగా సొంత కులంలోనే సంబంధాలు, ఒక్కో కులానికి ప్రత్యేకమైన మార్పులు ఉండొచ్చు, 2017లో హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ళు కూడా కలిసి చేసిన స్టడీలో చాలా కులాల్లో అలాంటి జాడలే కనబడ్డాయి. ఆరోగ్యంగా ఉన్న మనవాళ్ళలో ఒక మార్పు మామూలుగా కనబడితే అది నిరపాయం అని చెప్పొచ్చు, కానీ అలా చెప్పడానికి ముందు మనవాళ్ళ డేటా ఉండాలి కదా, మన దేశస్థుల జీన్లు చదివే జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దాదాపు పదివేల మంది డేటా బయటపెట్టిందే 2025 జనవరిలో. వీయూఎస్ చూసి భయపడి రొమ్ము తీయించుకుంటామనేవాళ్ళుంటారు, దయచేసి వద్దు, తర్వాత తేలినవాటిలో ఎక్కువ శాతం ఏమీ కాదనే తేలతాయి.

ఇంక ముందు ఎవరికి? కూతురికి ముందు చేసి నెగెటివ్ వస్తే, ఇంట్లో ఆ జీన్ మార్పే లేదా, ఉండీ ఈ పిల్లకి రాలేదా, లేక టెస్టుకి దొరకలేదా, ఏదీ తెలీదు. పిన్నికి ముందు చేసి ఫలానా మార్పు అని తేలిందనుకోండి, అప్పుడు పిల్లకి ఆ ఒక్కదాన్నే వెతుకుతారు, ఖర్చు తక్కువ, జవాబు అవునూ కాదూ అని సూటిగా ఉంటుంది. తల్లికుంటే బిడ్డకి వచ్చే అవకాశం సగం. పైగా పిన్నికీ లాభమే, బీఆర్‌సీఏ మార్పు ఉంటే ఒలపారిబ్ లాంటి క్యాన్సర్ మందు వాడే వీలుంటుందేమో డాక్టరు చూస్తారు. పిల్లకి కూడా ఉందని తేలితే ఇరవై అయిదేళ్ళ నుంచే ఏటా రొమ్ముకి ఎంఆర్‌ఐ మొదలెట్టాలంటారు. ల్యాబ్ వాళ్ళని ఒక్క మాట అడగండి, జీన్లో పెద్ద ముక్కలు పోయాయా అని కూడా చూస్తారా అని, ఎంఎల్‌పీఏ అంటారు దాన్ని, జీన్‌ని అక్షరం అక్షరం చదివే మామూలు సీక్వెన్సింగ్ లో అవి తప్పిపోవచ్చు.

టెస్టు ముందు సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికెళ్తే కాగితం మీద వంశవృక్షంలా ఆడవాళ్ళకి గుండ్రాలు, మగవాళ్ళకి చతురస్రాలు గీసి, జబ్బొచ్చినవాళ్ళది నల్లగా నింపుతారు. అందరూ అమ్మ వైపే చెప్పేసి వచ్చేస్తారు, నాన్న నుంచి కూడా ఇంతే వస్తుందండీ, మేనత్తల సంగతి, మగవాళ్ళకి వచ్చిన ప్రోస్టేట్ క్యాన్సర్ సంగతి కూడా రాయించండి. మేనరికం అయితే మరీ ముఖ్యం, రెండు వైపులా చెప్పిన ముసలమ్మ ఒక్కతే అయి ఉండొచ్చు, విడివిడిగా రాసి ఇద్దరని లెక్కేస్తే మొత్తం అంచనాయే తప్పుతుంది.