పండు ఈగకు ఏది మేలు: చక్కెరా, ప్రొటీనా?

మట్టిలోని ప్యూపా నుంచి బయటపడిన ఆడ పండు ఈగ కడుపులో గుడ్లు సిద్ధంగా ఉండవు. రెక్కలు ఆరి ఎగరడం మొదలుపెట్టినా, కాయను పొడిచి గుడ్లు పెట్టడానికి ఇంకా చాలా రోజులు ఆగాలి. ఈలోగా అది ఏం తిన్నదన్న దాన్ని బట్టే తోటకు జరిగే నష్టం ఉంటుంది.

చక్కెరతో ఈగ బతుకుతుంది. మకరందం, పేనుబంక వదిలే తీపి జిగురు, పగిలిన పండ్ల రసం దాని రోజువారీ తిండి. తీపి, నీరు అందకపోతే కొద్ది రోజుల్లోనే చస్తుంది. కానీ ఒట్టి చక్కెర మీద బతికే ఆడ ఈగకు అండాశయాలు సరిగా ఎదగవు. ఎదిగినా పెట్టే గుడ్లు అరకొరే. అందుకే అది పక్షి రెట్టల మీదా, ఆకులపై పెరిగే బాక్టీరియా మీదా వాలుతుంది. రెట్ట మీద ఈగను చూసి ముఖం తిప్పుకుంటాం గానీ, అక్కడ తయారవుతున్నది వచ్చే వారం పుచ్చబోయే కాయ.

అలాగని ప్రొటీను ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవద్దు. ఆస్ట్రేలియాకు చెందిన క్వీన్స్‌ల్యాండ్ పండు ఈగల మీద చేసిన ప్రయోగాల్లో, చక్కెర బాగా ఎక్కువగా, ప్రొటీను బాగా తక్కువగా తిన్నవే ఎక్కువ కాలం బతికాయి. గుడ్లు ఎక్కువ పెట్టినవి మాత్రం ప్రొటీను పాలు పెరిగిన తిండి తిన్నవి. ఆయుష్షు, సంతానం ఒకే మేతలో కుదరలేదు. ప్రయోగశాలల్లో 3 వంతుల చక్కెరకు 1 వంతు ఈస్ట్ హైడ్రాలిసేట్ (ఈస్ట్‌ను విడగొట్టి తీసిన ప్రొటీను మేత) కలిపి పెట్టడం పరిపాటి.

మగ ఈగలకూ ప్రొటీను కలిసివస్తుంది, జతకట్టడంలో ముందుంటాయి.

ఇక తోట యజమాని వైపు నుంచి చూద్దాం. మిథైల్ యూజినాల్ అనే వాసన మందు పెట్టిన ఎర బుట్టలకు ప్రధానంగా పడేది మగ ఈగలే. ఒక్క మగది పలు ఆడవాటితో జతకట్టగలదు కనుక, దాదాపు అన్నిటినీ పట్టేస్తే తప్ప గుడ్లు ఆగవు. పురుగుమందు కలిపి చల్లే ప్రొటీను ఎర మాత్రం గుడ్ల కోసం ఆకలితో తిరిగే ఆడ ఈగనే లాగుతుంది. నా మొగ్గు దీనివైపే. అయితే వాన పడితే ఎర కొట్టుకుపోతుంది, మళ్లీ చల్లాలి. గుడ్లు పండిన ఈగకు ఎర కన్నా కాయ వాసనే ముద్దు. కాబట్టి ఎర పెట్టాల్సింది కాయ రంగు తిరగకముందే.