డేవిస్ స్క్వేర్ బర్రెన్: సంగీతం కోసం వెళ్ళాల్సిన ఐరిష్ పబ్

బోస్టన్‌లో ఐరిష్ పబ్బులకి కొదవ లేదు. 1840ల కరువులో ఐర్లాండ్ నుంచి ఓడలెక్కి వచ్చిన జనం పెద్ద ఎత్తున ఇక్కడే దిగారు, అందుకని ఏ పేటకెళ్ళినా ఆకుపచ్చ బోర్డు, దాని మీద మూడాకుల గుర్తు ఎక్కడో ఒక చోట కనబడుతుంది. లోపలికెళ్తే మాత్రం చాలా చోట్ల ఒకటే వరస: గోడ నిండా టీవీలు, వాటిలో బేస్‌బాల్, స్పీకర్లలో చెవులు దిమ్మెక్కే పాటలు. అసలు ఈ పబ్బుల కలప సామాను, అద్దాలు, పాత డబ్బాలతో సహా డబ్లిన్‌లో తయారు చేయించి కంటైనర్లలో ప్రపంచమంతా పంపే కంపెనీలే ఉన్నాయి, కాబట్టి గోడలు చూసి మోసపోకండి.

నేను చెప్పబోయేది బోస్టన్ పక్కనే సోమర్‌విల్‌లో, డేవిస్ స్క్వేర్‌లో ఉన్న ‘ది బర్రెన్’ గురించి. రెడ్ లైన్ రైలు దిగి పైకొస్తే ఎల్మ్ స్ట్రీట్ మీద నాలుగడుగుల్లో ఉంటుంది, దగ్గర్లోనే 1914 నాటి సోమర్‌విల్ థియేటర్. టామీ మెకార్తీ, లూయిజ్ కోస్టెల్లో అనే దంపతులు 1996లో దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ సంగీతం వాయించేవాళ్ళే, టామీ ఫిడేలు వాయిస్తారు. ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీలో సున్నపురాయి బండలు పరుచుకుని ఉండే ప్రాంతం పేరే పబ్బుకి పెట్టుకున్నారు. వాయించేవాళ్ళు పెట్టిన చోటు కాబట్టి ఇక్కడ సంగీతం అలంకారం కాదు, అదే అసలు సరుకు.

ముందు గదిలో సెషన్ జరుగుతుంది. స్టేజీ లేదు. ఒక టేబుల్ చుట్టూ వాయించేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు, మనవైపు వీపు పెట్టినా పట్టించుకోరు. మన ఊళ్ళో రామమందిరంలో శనివారం భజన చేసేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారే, అచ్చం అలాగే, వినేవాళ్ళు వింటారు, చేతనైనవాళ్ళు కలుస్తారు. ఫిడేళ్ళు, చెక్క ఫ్లూటు, రెండు చేతుల మధ్య సాగదీసి నొక్కే చిన్న కాన్సర్టీనా, ఒక్కోసారి మోచేతి కింద తిత్తి నొక్కుతూ వాయించే ఇలియన్ పైప్స్. మేకతోలు బిగించిన బౌరాన్ అనే డప్పు వాయించేవాడిని కాస్త దగ్గరగా కూర్చుని చూడండి, కుడిచేత్తో చిన్న పుల్లతో కొడుతూ ఎడమచెయ్యి వెనకనుంచి తోలు మీద జరుపుతూ ఉంటాడు, ఆ నొక్కుడుకే శబ్దం పైకీ కిందకీ పోతుంది. ఒక ట్యూన్ రెండు మూడుసార్లు తిప్పి, ఆపకుండానే ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. ఆ దూకేముందు పెద్ద ఫిడేలాయన కనుబొమలు ఎగరేస్తాడు, అంతే, అందరూ మారిపోతారు. ముందు కాగితాలేవీ ఉండవు, అన్నీ నోటికే.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన విజయనగరం మాది, ఫిడేలంటే కింద కూర్చుని పాదం మీద ఆనించి గమకాలు పలికించడమే చిన్నప్పటినుంచీ చూశాను. ఇక్కడ గడ్డం కింద పెట్టుకుని, గమకం ఊసే లేకుండా, చిన్న చిన్న విరుపులతో లయ మీద పరిగెత్తుతారు. మొదటి అరగంట అన్నీ ఒకేలా అనిపిస్తాయి, అది నిజం. తర్వాత తర్వాత ఇది జిగ్, ఇది రీల్ అని (రెండూ వేరువేరు లయల నాట్య బాణీలు) కాలే చెప్పేస్తుంది.

ఒక్క మాట, సెషన్ నడుస్తుంటే టేబుల్ దగ్గరకెళ్ళి సినిమా పాట వాయించమని అడగకండి. ఖాళీగా కనబడిందని వాళ్ళ కుర్చీలోనూ కూర్చోకండి. ఫోన్‌తో వీడియో తీసుకుంటే ఎవరూ ఏమనరు గానీ ఫ్లాష్ మొహం మీద కొట్టకుండా ఉంటే మంచిది.

తాగేదాని విషయానికొస్తే, గిన్నిస్ అనే నల్లటి ఐరిష్ బీరు ఇక్కడ పద్ధతిగా పోస్తారు. గ్లాసు వంచి ముప్పావు వంతు నింపి పక్కన పెడతారు, గోధుమరంగు సుళ్ళు కిందికి జారుతున్నట్టు కనబడి మెల్లగా నల్లబడతాయి, అప్పుడు పైదాకా నింపుతారు. ఈ మొత్తానికి 119.5 సెకన్లు అని కంపెనీవాళ్ళే ప్రచారం చేసుకున్నారు. డౌన్‌టౌన్‌లో ఒక చోట (పేరెందుకులెండి) ఒకే దెబ్బకి గ్లాసు నింపి నా ముందుకు తోసేశారు, ఆ చేదు నురగ ఇంకా గుర్తుంది. నల్లగా ఉందని భయపడేవాళ్ళకి: ఇందులో ఆల్కహాల్ 4.2 శాతమే, మన స్ట్రాంగ్ బీర్లతో పోలిస్తే దాదాపు సగం. అమెరికా ధరలే, హ్యాపీ అవర్ (తాగేవి తగ్గింపు ధరకిచ్చే వేళ) కోసం వెతక్కండి, మసాచుసెట్స్ రాష్ట్రంలో 1984 నుంచి అది నిషేధం. పన్ను, టిప్పు కలుపుకుని లెక్కేసుకోండి, టిప్పు 20 శాతం దాకా ఇవ్వడం మామూలే.

తిండి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఐరిష్ పబ్ తిండి అంటే ఉప్పు, బంగాళాదుంప, వేపుడు. ఫిష్ అండ్ చిప్స్ తినొచ్చు. కానీ ఒక జాగ్రత్త: గిన్నిస్‌తో చేసే స్ట్యూ ఐరిష్ పబ్బుల్లో మామూలుగా బీఫే, షెపర్డ్స్ పై అంటే అసలు గొర్రె మాంసం కావాలి గానీ అమెరికాలో చాలా చోట్ల దానిలోనూ బీఫ్ వేస్తారు. తినని వాళ్ళు ఆర్డర్ ఇచ్చేముందు అడిగి తెలుసుకోండి. పూర్తి శాకాహారులు ఇంట్లో పప్పన్నం తినేసి రావడం ఉత్తమం, కారం అలవాటైన నాలుకకి ఇక్కడ దొరికేది వెనిగర్ ఒక్కటే.

కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి: వయసు 21 దాటినా పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే ఈ ఊళ్ళో చాలా చోట్ల ఒప్పుకోరు. మా గ్యాంగ్‌లో ఒకబ్బాయి వేరే బార్ గుమ్మం దగ్గర చలిలో నిలబడి, మేం లోపల తాగుతుంటే వాట్సాప్‌లో తిట్లు పంపాడు పాపం.

వెనక గదిలో టికెట్ పెట్టి కచేరీలు కూడా చేస్తారు, అది వేరే సంగతి, అక్కడ మైకులు, గోల అన్నీ ఉంటాయి. నాకు ముందు గదే ఇష్టం. సెషన్ ఏ రోజు ఎన్నింటికో వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకుని, వారం మధ్యలో ఒక రోజు మొదలయ్యేదానికి అరగంట ముందు వెళ్తే టేబుల్ పక్కనే చోటు దొరుకుతుంది. శుక్ర, శని వారాల్లో నిలబడ్డానికే చోటుండదు, నిశ్శబ్దంగా కబుర్లు చెప్పుకుందామనుకునే జంటలకి ఆ రోజుల్లో అస్సలు పనికిరాదు. మార్చి 17న మాత్రం ఆ చుట్టుపక్కలకి కూడా పోకండి, సెయింట్ ప్యాట్రిక్ పండగ పేరుతో ఆకుపచ్చ టోపీలు పెట్టుకున్న ఊరంతా అక్కడే ఉంటుంది. కారు తీసుకెళ్ళొద్దు, పార్కింగ్ దొరకదు, పైగా తాగి నడపడం ఎలాగూ కుదరదు. రైలుకే వెళ్ళండి, కాకపోతే చివరి రైలు టైమ్ ముందే చూసుకోండి.