‘ఇమ్యూనిటీ కాంపో’ పొడి కొంటున్నారా? మా అత్తయ్యకి ఏమైందో చదివి కొనండి

జపాన్‌లో ఉంటున్న మనవాళ్లకి, ముఖ్యంగా చలికాలంలో ఊరి నుంచి అమ్మానాన్నల్నో అత్తమామల్నో పిలిపించుకునేవాళ్లకి ఇది రాస్తున్నాను. ఫోన్లో ‘వైరస్‌ని దగ్గరికి రానివ్వని జపాన్ సంప్రదాయ మూలికలు, మొదటి పెట్టె 980 యెన్లే’ అని ప్రకటన కనబడితే దాని జోలికి పోకండి. నేను పోయాను. డబ్బు పోతే పోయింది. మా అత్తయ్య ఒంట్లో పొటాషియం 2.6కి పడిపోయి మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నారు.

మేముండేది టోక్యోలో, నిషికసాయిలో. మొన్న డిసెంబరు మొదట్లో అత్తయ్య తెనాలి నుంచి 90 రోజుల వీసా మీద వచ్చారు. ఆవిడ దిగిన వారానికే మా బాబు క్లాసులో సగం మంది ఇన్‌ఫ్లుయెంజాతో పడుకున్నారు. బడివాళ్లు ‘గక్క్యూ హేసా’ అని క్లాసు మూసేశారు. అత్తయ్యకి 67 ఏళ్లు, బీపీ ఉంది. నాకు కాళ్లాడలేదు. టీకా వేయిద్దామంటే ఇన్సూరెన్స్ లేని మనిషి, మూడు నాలుగు వేల యెన్లు అవుతుందని వాయిదా వేశాను. టీకా దగ్గర లెక్క చూసుకున్నదాన్ని ఈ పొడి దగ్గర చూసుకోలేదు చూడండి, అదీ నా తెలివి.

పెట్టె బంగారు రంగులో, మీద పాతకాలం వైద్యుడి బొమ్మతో భలే ఉంది. ‘కాంపో’ అన్న మాట అరచేతంత. కాంపో అంటే జపాన్ సంప్రదాయ మూలికా వైద్యం. దాని పక్కనే ‘ఆలోచన ఆధారంగా’ అని చీమ తలకాయంత. కాంపో ఆలోచన ఆధారంగా తయారు చేశారట! అంటే అది కాంపో కాదని వాళ్లే చెప్పుకున్నారు, మనం చదవలేదంతే. అత్తయ్యకి ఆ పేరే నచ్చలేదు. “కంపో ఏవిటమ్మా, పేరులోనే ఉందే కంపు” అని నవ్వి, పొడి వేడినీళ్లలో కలుపుకుని ఒక గుక్క తాగి, “ఇది అతిమధురమే కదా! చిన్నప్పుడు గొంతు బొంగురుపోతే మా నాన్న ఈ వేరు ముక్క బుగ్గన పెట్టేవాడు” అన్నారు. మన అతిమధురమే కదా అని ఇద్దరికీ ధైర్యం వచ్చేసింది. రోజుకి మూడు పొట్లాలు, వేళ తప్పకుండా వేసుకున్నారు.

డిసెంబరు చివర్లో ఆవిడకి మామూలు జలుబు చేసింది. పక్క వీధిలో మందుల షాపుకెళ్లి ‘కక్కోంతో’ అనే కాంపో మందు తెచ్చాను. ఇక్కడ జలుబంటే అందరి నోటా వచ్చే పేరు అదే. జపాన్ వాళ్లలో పాత జోకు ఒకటుంది: తలనొప్పి అని వచ్చినవాడికీ కక్కోంతో, కడుపునొప్పి అని వచ్చినవాడికీ కక్కోంతో రాసే వైద్యుడు, చివరికి తోడు వచ్చినవాణ్ని చూసి “ఊరికే కూర్చుంటే విసుగేమో, మీరూ కాస్త కక్కోంతో తాగండి” అన్నాడట. నేనూ ఆ వైద్యుడి బాపతే. జలుబు తగ్గాక కూడా ‘మంచిదే కదా’ అని పెట్టె అయిపోయేదాకా ఇస్తూనే ఉన్నాను.

జనవరి రెండో వారానికి రాత్రిళ్లు ఆవిడకి పిక్కలు పట్టేయడం మొదలైంది. చలికేమో అనుకున్నాం. మళ్లీ అదే షాపు. కండరాలు పట్టేస్తే ఇదే వాడతారని ‘షకుయాకు కన్‌జోతో’ అనే ఇంకో కాంపో మందు చేతిలో పెట్టారు. మాట నిజమే, పిక్కలు పట్టేస్తే జపాన్‌లో డాక్టర్లు కూడా రాసే మందే. ఆవిడ ఇంకేం మందులు వాడుతున్నారని కౌంటర్లో మనిషి అడిగాడు. నాకొచ్చిన జపనీస్‌లో “బీపీ మాత్ర ఒక్కటే” అన్నాను. పొడిని మందుగా లెక్కేసుకోలేదు నేను. ఆ ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే కథ అక్కడే ఆగేది.

ముందుగా తేడా తెలిసింది మెట్టెల దగ్గర. స్నానం చేసొచ్చి “మెట్టెలు కరుస్తున్నాయే” అన్నారు. చూస్తే వేళ్లు ఉబ్బి వెండి చర్మంలోకి దిగిపోయింది. సబ్బు రాసి తీశాం. మర్నాడు స్టేషన్ మెట్ల మీద సగంలో కూర్చుండిపోయారు, కాళ్లు లేవడం లేదన్నారు. ఇంట్లో మిషన్‌తో చూస్తే బీపీ 178. ఇరవై ఏళ్లుగా మాత్రతో 130 దాటని మనిషి.

ఆసుపత్రిలో డాక్టరు రక్తం తీయించి, ఏమేం వాడుతున్నారో అన్నీ తెమ్మన్నారు. మా ఆయన ఇంటికెళ్లి సంచీలో వేసుకొచ్చారు. డాక్టరు రెండు మందు పెట్టెలూ, బంగారు పెట్టే బల్ల మీద వరసగా పెట్టి, పెన్నుతో మూడింటి వెనకా ఒకే మాట చుట్టూ సున్నా చుట్టారు. కన్‌జో. కన్‌జో. కన్‌జో. తర్వాత మా అత్తయ్య బొడ్డు సంచీలోంచి, ఊరి నుంచి తెచ్చుకున్న దగ్గు బిళ్లలు కూడా బయటపడ్డాయి. వాటి మీద ఇంగ్లీషులో రాసింది చదివి, ఇందులోనూ అదే అన్నారు. కన్‌జో అంటే అతిమధురమే. ఆవిడ నాలుక మొదటి రోజే చెప్పింది. మనకి వినబడలేదు.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. అతిమధురంలో గ్లిసిరైజిన్ అని ఒక పదార్థం ఉంటుంది. అది ఎక్కువైతే ఒంట్లో కార్టిసాల్‌ని కిడ్నీ దగ్గర అణిచి ఉంచే ఎంజైము పనిచేయదు. దాంతో కిడ్నీ ఉప్పునీ నీళ్లనీ పట్టేసుకుంటుంది, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. ఒళ్లు ఉబ్బుతుంది, బీపీ ఎక్కుతుంది, కండరాల్లో శక్తి పోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అంటే పిక్కలు పట్టేసింది అతిమధురం ఎక్కువై, దానికి నేనిచ్చిన విరుగుడు ఇంకాస్త అతిమధురం! ఇక్కడ డాక్టర్లు రాసే కక్కోంతోలో రోజు మోతాదుకి కన్‌జో 2 గ్రాములైతే, షకుయాకు కన్‌జోతోలో 6 గ్రాములు. దాని పైన పొడిలోది, బిళ్లల్లోది. చాలదన్నట్టు ఆవిడ బీపీ మాత్రలో నీరు తీసే మందు కూడా కలిసి ఉంది, మన దగ్గర చాలామంది పెద్దవాళ్లు వాడే రకమే. అదీ పొటాషియాన్ని బయటికి పంపేదే. పొటాషియం 3.5కి తగ్గకూడదు. 2.6 అంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉందని రాత్రంతా మానిటర్ పెట్టారు.

కక్కోంతో సంగతి ఇంకోటుంది. అందులో మావో అనే మూలిక ఉంటుంది, అందులో ఉండేది ఎఫెడ్రిన్. 1885లో దాన్ని విడదీసింది నాగై నాగయోషి అనే జపాన్ శాస్త్రవేత్తే. గుండె వేగాన్నీ బీపీనీ పెంచే సరుకు. ఎఫెడ్రా (మావో మొక్కే) కలిపిన సప్లిమెంట్లని అమెరికా 2004లో నిషేధించింది కూడా. బీపీ, గుండెజబ్బు, థైరాయిడ్ ఉన్నవాళ్లూ పెద్దవయసువాళ్లూ ముందు అడిగి వాడమని కక్కోంతో పెట్టె మీద రాసే ఉంటుంది. ఫోన్ కెమెరా పెడితే అనువాదం వస్తుంది. నేను బిస్కెట్ పాకెట్‌కి పెట్టి చూస్తాను గానీ మందుకి పెట్టలేదు.

కాంపో మొత్తం మోసమని నేననడం లేదు. అలా అర్థం చేసుకోవద్దు. చైనాలో పుట్టి, జపాన్‌లో తన దారిన తాను పెరిగిన వైద్యం అది. 1976 నుంచి బోలెడు మందులు ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లోకి వచ్చాయి, ఇప్పుడు 148 యోగాల్ని డాక్టర్లు మామూలుగా రాస్తారు. కానీ వాళ్లు వాడే తీరు వేరు. మనిషిని చూసి, ఒంటి తీరు చూసి ఇస్తారు, దాన్ని ‘షో’ అంటారు. కక్కోంతో జలుబు మొదట్లో, చలేస్తూ, చెమట పట్టకుండా, మెడ బిగుసుకున్నప్పుడు ఇచ్చేది. ఫ్లూ జ్వరం తీవ్రంగా ఉండి, కీళ్లు నొప్పులుగా ఉన్నప్పుడు గట్టి ఒంటివాళ్లకి ‘మావోతో’ అనే మందు. నీరసపడ్డవాళ్లకి ‘హోచు ఎక్కితో’ అనేది. రోగం రాకుండా ఇంటిల్లిపాదీ నెలల తరబడి తాగే కషాయం అందులో ఏదీ కాదు. మన మిరియాల కషాయంలా చూశాను నేను.

వైరస్, ఇమ్యూనిటీ అన్న మాటలతో జపాన్‌కి పాత దెబ్బ కూడా ఉంది. షోసైకోతో అనే కాంపోని ఒకప్పుడు హెపటైటిస్ రోగులకి విపరీతంగా రాసేవారు, వైరస్‌కి ఇచ్చే ఇంటర్‌ఫెరాన్‌తో కలిపి కూడా. కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 10 మంది చనిపోయారని 1996 మార్చిలో ఆరోగ్యశాఖ అత్యవసర హెచ్చరిక ఇచ్చింది. మూలికే కదా, ఏం చేస్తుందిలే అని అప్పటిదాకా ఇక్కడా అనుకున్నారు.

ఇక పెట్టె సంగతి. అసలు కాంపో మందు పెట్టె మీద ‘ఇయాకుహిన్’ అని ఉండాలి, అంటే మందు అని. షాపుల్లో దొరికే కాంపోలు ఎక్కువగా రెండో తరగతి ఇయాకుహిన్‌లు. నేను కొన్న బంగారు పెట్టె మీద ఉన్నది ‘కెంకో షోకుహిన్’, ఆరోగ్య ఆహారం. చట్టం ప్రకారం అది తిండి. తిండిని అమ్మేవాళ్లు ఫలానా రోగం రాకుండా ఆపుతుందని చెప్పకూడదు. 2020 మార్చిలో కరోనాని అడ్డుకుంటుందని ప్రకటనలు వేసిన కొందరు వ్యాపారులకి ఇక్కడి వినియోగదారుల ఏజెన్సీ అక్షింతలు వేసింది. అయినా ఫోన్ ప్రకటనల్లో నడుస్తూనే ఉంది. ఇంకో తేడా: మందుని సరిగ్గా వాడినా ఒంటికి తీవ్రంగా చెడు చేస్తే పరిహారం ఇచ్చే పథకం 1980 నుంచి ఉంది. తిండికి అది వర్తించదు.

కన్‌జో అన్న మాటని పెట్టె మీద ఇలా వెతుక్కోవచ్చు. చాలా మందుల మీద カンゾウ అని కటకానా లిపిలో ఉంటుంది. చైనా అక్షరాల్లో అయితే రెండక్షరాలు. మొదటి అక్షరం రెండు కొమ్ములున్న డబ్బాలా ఉంటుంది, లోపల అడ్డగీత. అర్థం తీపి. రెండోదానికి నెత్తిన గడ్డి మొలిచినట్టుంటుంది, అర్థమూ గడ్డే. రెండు పెట్టెల మీద వీటిలో ఏది కనబడినా రెండూ కలిపి ఇవ్వడానికి ముందు షాపులో ఫార్మసిస్టుని పిలిచి అడగండి. ఊరి నుంచి తెచ్చుకున్న బిళ్లలు, లేహ్యాలు, చూర్ణాలు కూడా చూపించండి. మన పెద్దవాళ్ల సంచీలో ఎన్నుంటాయో మనకి తెలియదు.

డబ్బు సంగతి చివర్లో చెప్తున్నాను గానీ చిన్నది కాదు. 980 అన్నది మొదటి పెట్టెకే. అది ‘తెయికి’, అంటే నెలనెలా వచ్చే ఒప్పందం. కనీసం నాలుగు పెట్టెలు తీసుకోవాలట, రెండోదాని నుంచి ఒక్కోటి 7,980. ఆపాలంటే తర్వాతి పెట్టెకి పది రోజుల ముందు ఫోన్‌లోనే చెప్పాలి. ఆ ఫోన్ ఎత్తే నాథుడు లేడు. పాట వస్తుంది, కట్ అవుతుంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని ముప్పై ఏడు సార్లు చేశాను. సందర్శకురాలు కాబట్టి ఆసుపత్రి బిల్లు మొత్తం మాదే, అది వేరే.

మా ఆఫీసులో జపాన్ అమ్మాయి 188కి చేయమంది. ఒకటి ఎనిమిది ఎనిమిది, వాళ్ల భాషలో ‘ఇయాయా’ అని పలుకుతుంది, ‘వద్దు బాబోయ్’ అని అర్థం. మన పిన్‌కోడ్‌ని బట్టి దగ్గర్లోని వినియోగదారుల కేంద్రానికి కలుపుతారు. అక్కడ మాట్లాడినావిడ చాలా ఓపిగ్గా విని, 2022 జూన్ నుంచి చట్టం మారిందని చెప్పింది. ఆర్డరు ఖాయం చేసే చివరి పేజీలో మొత్తం ఎంత, ఎన్నిసార్లు, ఎలా ఆపాలి అన్నవి స్పష్టంగా చూపాలి, తప్పుదోవ పట్టిస్తే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అయితే ఆ పేజీ ఎలా ఉందో రుజువు కావాలి. నా దగ్గర స్క్రీన్‌షాట్ లేదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో కొన్నదానికి ఇక్కడ కూలింగ్ ఆఫ్, అంటే కొన్నాక కొద్దిరోజుల్లో మనసు మార్చుకుని రద్దు చేసుకునే హక్కు, కూడా లేదు. కాబట్టి ఏది కొన్నా ఆ చివరి పేజీని ఫోటో తీసి ఉంచుకోండి, పది సెకన్ల పని. నేను చూసిన ప్రకటన వివరాలు, మెయిళ్లు పెట్టుకుని ఆవిడే కంపెనీతో మాట్లాడింది. మిగతా పెట్టెలు ఆపుతామన్నారు. కట్టిన డబ్బు రాలేదు.

అత్తయ్య ఫిబ్రవరి చివర్లో తెనాలి వెళ్లిపోయారు. మందులన్నీ ఆపాక పొటాషియం కుదుటపడ్డానికి మూడు వారాల పైనే పట్టింది. విమానం ఎక్కే ముందు మెట్టెలు వేసుకున్నారు, ఎక్కాయి. మామయ్యగారికి మాత్రం ‘చలి పడలేదు’ అని చెప్పుకున్నారు, నా మీదికి రానివ్వకుండా.

నిన్న పోస్టు డబ్బాలో మళ్లీ ఒక బంగారు పెట్టె. ఆపుతామన్నవాళ్లే పంపారు. విప్పలేదు. కాగితం మీద ‘ఉకేతోరి క్యోజెత్సు’, అంటే పుచ్చుకోను అని రాసి, సంతకం పెట్టి, పెట్టెకి అతికించి పోస్టాఫీసులో ఇచ్చేశాను. ఈసారి మాత్రం ఫోటో తీసుకున్నాను.