డ్యూక్ వైపా, నార్త్ కరోలినా వైపా?

విజయవాడకీ గుంటూరుకీ మధ్య 30 కిలోమీటర్ల పైచిలుకు. అమెరికాలో డ్యూక్, నార్త్ కరోలినా యూనివర్సిటీల మధ్య దాదాపు అందులో సగమే. బాస్కెట్‌బాల్ వైరం మాత్రం అంతా ఇంతా కాదు! అక్కడి సాయంత్రం ఆట కోసం మనం తెల్లవారుజామునే లేవాలి. నేనైతే ఈసారీ అలారం పెట్టేశాను.

జాతీయ టైటిళ్లలో నార్త్ కరోలినాది 6, డ్యూక్‌ది 5. 1982 ఫైనల్లో గెలుపు షాట్ కొట్టిన మైకేల్ జోర్డాన్ నార్త్ కరోలినా కుర్రాడే. డ్యూక్ 5 టైటిళ్లూ కోచ్ షషెఫ్‌స్కీ హయాంలోనివి.

అసలు తేడా హాల్లో ఉంది. నార్త్ కరోలినా హాల్లో 20 వేల మందికి పైగా పడతారు. డ్యూక్ వాళ్ల కామెరాన్ హాలు 1940 నాటిది, 9,314 మందే పడతారు. కానీ విద్యార్థులు కోర్టు గీతను ఆనుకునే నిలబడి అరుస్తారు. బంతి లోపలికి విసిరేవాడి చెవిలోనే ఆ హోరు! అక్కడ ఆడితే నా మొగ్గు డ్యూక్‌కే. అయినా 2022లో షషెఫ్‌స్కీ చివరి హోమ్ మ్యాచ్‌ను నార్త్ కరోలినా అక్కడే 94-81తో గెలిచింది. నెల తిరక్కుండానే జాతీయ టోర్నీ సెమీఫైనల్లోనూ 81-77తో ఓడించింది. ఆ దెబ్బ డ్యూక్ అభిమానులకు ఇంకా మానలేదు.