బకెట్ ఎక్స్‌టెన్షన్: ఊకకి సై, ఇసుకకి నై

మినీ ట్రాక్టర్ ముందు బిగించే లోడర్లకి చాలావరకు నాలుగడుగుల బకెట్టే ఉంటుంది. మిల్లు ఊకో, కొబ్బరి పొట్టో ఎత్తితే బకెట్ నిండిపోతుంది కానీ ఇంజనుకి బరువే తెలీదు. ఆ లోటు తీర్చడానికి విజయనగరంలో ఓ వెల్డింగ్ షెడ్డు వాళ్లు ఆర్డరు మీద చేసి ఇస్తున్న ఎక్స్‌టెన్షన్ ఇది, అంటే బకెట్ ముందుకి తగిలించే అదనపు ముక్క. బోల్టులతో బిగించుకోవచ్చు, పని అయ్యాక విప్పేయొచ్చు.

అడుగున 3 ఎం.ఎం. రేకు, నాలుగడుగుల వెడల్పు, అడుగు పొడవు. పక్కలకి అదే రేకు, 16 అంగుళాల ఎత్తు. నేలకి రాసుకునే ముందంచుకి 75×10 ఎం.ఎం. ఇనప పట్టీ, వెనక అతుకు కింద 50×50×6 ఎం.ఎం. యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుము). ఇవన్నీ కలిపి బరువు 28 కిలోల దాకా ఉంటుంది. బకెట్ బ్లేడుకి, అంటే దాని ముందంచుకి, కన్నాలు వేయనక్కర్లేదు. 6 ఎం.ఎం. పట్టీలు పైనా కిందా పెట్టి దవడలా చేశారు, బ్లేడు నాలుగంగుళాలు అందులోకి దూరుతుంది. బోల్టులు పక్క రేకులకే: వైపుకి మూడు, 12 ఎం.ఎం., 8.8 గ్రేడు (గట్టి రకం), లోపల నైలాన్ రింగుండే నైలాక్ నట్లతో. నేల తన్నిన దెబ్బ బోల్టుల మీద పడకుండా బ్లేడే మోస్తుంది. ఈ పనితనానికి మంచి మార్కులే వేయాలి. బ్లేడుకే నేరుగా వెల్డింగ్ కొట్టించుకునేవాళ్లున్నారు. అది గట్టి ఉక్కు, వేడి చేయకుండా మామూలు రాడ్డుతో కొడితే అతుకు పక్కనే చీలుతుంది.

లోపాలూ ఉన్నాయి. అడుగు రేకు అతుకుని ఆపకుండా ఒకే గీతగా కొట్టేశారు, దాంతో రేకు మధ్యలో ఉబ్బింది. 2.5 ఎం.ఎం. రాడ్డుతో రెండంగుళాలు కొట్టి నాలుగంగుళాలు వదిలేస్తూ, అటోసారి ఇటోసారి కొడితే ఉబ్బేది కాదు. దవడ లోపల తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడ్ రంగు వేయలేదు. గెత్తం (పశువుల ఎరువు) తడి, ఉద్దానం వైపైతే ఉప్పుగాలి, ముందు అక్కడే తింటాయి. ఆర్డరిచ్చేటప్పుడే చెప్పి వేయించుకోండి.

అసలు సంగతి బరువు. ఇది కలిపే చోటు సుమారు 0.15 ఘనమీటరు. ఊకైతే అదనంగా 15 కిలోలు, చివికిన గెత్తమైతే 90 కిలోలు, ఇసుకైతే 230 కిలోల పైన. పైగా ఆ బరువు పడేది బకెట్ కొసన, అంటే లోడర్ పిన్నులకి ఇంకో అడుగు దూరంలో. మినీ లోడర్ ఎత్తగలిగేదే మూడు, నాలుగొందల కిలోలైనప్పుడు ఇసుక కుప్పలోకి దీన్ని తోయడమంటే వెనక చక్రాలు గాల్లోకి లేవడమే. ఊకకైనా వెనక రోటవేటర్ తగిలించి ఉంచడం మేలు, లేదా వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపించండి. నిండు బకెట్‌తో నడిచేటప్పుడు దాన్ని మోకాలెత్తు దాటనివ్వొద్దు.

చాలామంది చూసుకోనిది ట్రాలీ ఎత్తు. బకెట్ 45 డిగ్రీలు వంచి దించితే ఈ అడుగు పొడవు వల్ల కొస దాదాపు 22 సెంటీమీటర్లు కిందకి వస్తుంది. ఇప్పటికే ట్రాలీ పక్క డోరుని రాసుకుంటూ దించుతున్నవాళ్లు ఎనిమిదంగుళాల పొడవుతో చేయించుకోండి. అప్పుడు తగ్గేది 14 సెంటీమీటర్లే.

షెడ్లలో లెక్క కిలోల చొప్పున కడతారు కాబట్టి రేకు మందం పెంచమంటే బిల్లూ పెరుగుతుంది, ఎత్తే బలమూ తగ్గుతుంది. 3 ఎం.ఎం. చాలు. దుబారా చేయాలనుంటే ముందంచు పట్టీ మీద చేయండి. కొలతలకి బకెట్‌ని షెడ్డుకి తీసుకెళ్లడం తప్పదు, ఫోనులో చెప్పిన కొలతతో దవడ బ్లేడుకి సరిపడదు. సందు రెండు ఎం.ఎం. దాటితే లోపల కొట్టుకుని బోల్టు కన్నాలు కోడిగుడ్డు ఆకారానికి సాగుతాయి. మొదటి రోజు పని అయ్యాక నట్లన్నీ మళ్లీ బిగించాలి.