ఆసుపత్రి పక్క నైట్ షెల్టర్: మంచం ఇస్తారు, తాళం ఇవ్వరు

హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్కారు దవాఖానా వెనుక సందులో, రోగుల వెంట వచ్చినవాళ్లు, ఇల్లు లేనివాళ్లు రాత్రి పడుకునే నైట్ షెల్టర్ గురించి రాస్తున్నాను. దాని పేరు మాత్రం రాయను. ఇందులో కొన్ని ఫిర్యాదులున్నాయి, అవి పోయి పోయి అక్కడ రాత్రింబవళ్లు చాకిరీ చేసే కేర్‌టేకర్ మీద పడటం నాకిష్టం లేదు.

మా అక్కకు రేడియేషన్ ఇప్పించడానికి వనపర్తి నుంచి వచ్చి కొన్ని వారాలు అక్కడే ఉన్నాను. రేడియేషన్ ఒక్కోసారి కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, కానీ వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి సాగుతుంది. అక్కకు వార్డులో మంచం దొరికింది, తోడున్న నాకు లోపల చోటు లేదు. నేను డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్తాను. నిరాశ్రయుల పాఠం ఏటా చెప్పేదే. కాబట్టి అక్కడ పడుకున్న మనిషిగానూ, ఆ పాఠం చెప్పే మనిషిగానూ రాస్తున్నాను.

ముందు బాగున్నవి. పైసా తీసుకోరు. ఆధార్ జిరాక్స్, ఆసుపత్రి ఓపీ చీటీ చూపిస్తే రిజిస్టర్‌లో రాసుకుని మంచం, దుప్పటి ఇస్తారు. కింద మగవాళ్లకు, పైన ఆడవాళ్లకు. ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, నీళ్లు ఎప్పుడూ ఆగలేదు, దుప్పట్లు ఉతుకుతారు. ఆడవాళ్ల అంతస్తు మెట్ల దగ్గర రాత్రంతా మనిషి ఉంటుంది. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి ఈ ఒక్కటి చాలు, కంటి నిండా నిద్ర పడుతుంది. ఆసుపత్రి వరండాలో పడుకున్న మొదటి రాత్రికీ ఇక్కడి మొదటి రాత్రికీ ఎంత తేడానో మాటల్లో చెప్పలేను.

బాత్రూములు రెండే. తెల్లవారుజామున నాలుగున్నర దాటితే క్యూ తప్పదు. ఫోన్ ఛార్జింగ్‌కు ఒకే ఒక బోర్డు ఉంది, దాని చుట్టూ కూర్చుని ఎవరి ఫోన్‌ను వాళ్లు కాపలా కాసుకోవాలి. మంచానికీ మంచానికీ మధ్య మోకాలు పట్టేంత సందు. పట్టణ నిరాశ్రయుల షెల్టర్లకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని ఉంది. ఇక్కడ అందులో సగం కూడా లేదు. అయినా చోటు లేదని ఎవర్నీ వెనక్కి పంపరు, మంచాలు నిండితే కింద చాప వేస్తారు. ఇరుకైనా అదే మేలు.

డబ్బుండి కూడా ఇక్కడికి ఎందుకొస్తారని కొందరు అడుగుతారు. నా పక్క మంచం వాళ్లు ఖమ్మం వైపు నుంచి వచ్చారు, ఎకరాలున్నవాళ్లే. ఆసుపత్రి చుట్టుపక్కల గది కోసం తిరిగారు. జబ్బేమిటో చెప్పగానే ఓనర్లు "ఖాళీ లేదమ్మా" అన్నారట. అద్దె ఇంట్లో చావు జరిగితే ఇంటికి కీడని మన దగ్గర ఎంత గట్టి నమ్మకమో తెలిసిందే. అద్దెకున్నవాళ్లు చనిపోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఓనర్లు ఈ నగరంలో ఎందరో ఉన్నారు, వీధిలోనే టెంటు వేసుకుని కార్యం కానిచ్చుకున్న కుటుంబాలున్నాయి. ముసలివాళ్లకు, జబ్బు మనుషులకు, ఒంటరి ఆడవాళ్లకు గది దొరకకపోవడంలో అద్దె, అడ్వాన్స్ సగం కారణమైతే ఈ భయం మిగతా సగం. దీన్ని ఏ గృహనిర్మాణ పథకమూ లెక్కలోకి తీసుకోగా నేను చూడలేదు.

మూల మంచం మీద ఒక పెద్దమ్మ ఉండేది, నారాయణపేట వైపు ఊరు. నిబంధన ప్రకారం రోగి డిశ్చార్జి కాగానే తోడున్నవాళ్లు మంచం ఖాళీ చేయాలి. ఆమె భర్త ఇదే ఆసుపత్రిలో పోయాడు. ఆమె మాత్రం వెళ్లలేదు, కేర్‌టేకర్ పొమ్మనలేదు. వైద్యానికి ఉన్న కాస్త పొలం పోయింది, ఇల్లు కొడుకు పేరు మీద ఉంది. "ఊర్ల ఇల్లున్నది బిడ్డా, నాకే లేదు" అంది. బస్తీలో గది అడిగితే ఓనర్ ఏమన్నాడో కూడా చెప్పింది: "కిరాయి ఇయ్యలేననుకున్నడేమో అనుకున్న. నువ్వు సస్తే నీ శవం ఎవరు మోస్తరని అడిగిండు."

పగలు ఆమె ఒక కర్రీ పాయింట్‌కు ఎల్లిగడ్డల పొట్టు తీస్తుంది, కిలో లెక్కన కూలి. బొటనవేలి గోరు కింద నల్లగా పట్టేసింది, వేళ్ల చివర్లు మండి మండి నున్నగా అయిపోయాయి. రేషన్ కార్డు ఊళ్లో ఉంది. దాని మీద ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకోవచ్చని నేనే ఆమెను దగ్గర్లోని డీలర్ దగ్గరికి తీసుకెళ్లాను. మిషన్ మీద వేలు పెట్టింది, పడలేదు. తడిచేసి పెట్టింది, చీర కొంగుతో తుడిచి పెట్టింది, మరో వేలు పెట్టింది. డీలర్ మంచివాడే, ఓపిగ్గా అన్ని వేళ్లూ పెట్టించాడు. చివరికి ఎడమచేతి చిటికెన వేలు పట్టింది. మనిషికి 6 కిలోల సన్నబియ్యం చేతికొచ్చాయి. షెల్టర్‌కు తెచ్చాక తెలిసింది, అక్కడ వండుకోవడానికి పొయ్యి లేదు. మార్గదర్శకాల్లో అందరికీ కలిపి ఒక వంటగది ఉండాలని రాసి ఉంది. ఆ గదిలో ఇప్పుడు పాత పరుపులు పేర్చి ఉన్నాయి. ఆ బియ్యం ఆమె కర్రీ పాయింట్ వాళ్లకే అమ్ముకుంది.

రూ. 2,016 వితంతు పింఛను కోసం నెలకోసారి ఊరికి పోయి వస్తుంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక ఆ రాకపోకల ఖర్చు తప్పింది. జీరో టికెట్‌కు ఆధార్ చూపించాలి. ఆ కార్డును పాల ప్యాకెట్ కవర్లో చుట్టి, నడుముకు కట్టుకున్న బట్ట సంచిలో పెట్టుకుంటుంది. స్నానానికి పోయేటప్పుడు దాన్ని నా చేతికిచ్చేది. నేను రాకముందు ఎవరికిచ్చేదో అడిగితే, సంచితోనే స్నానం చేసేదట.

నా పెద్ద ఫిర్యాదు ఇదే. ఈ షెల్టర్‌లో తాళం వేసుకునే చోటంటూ ఒక్కటీ లేదు. పొద్దున ఎనిమిదికల్లా హాలు కడగడానికి అందర్నీ కిందికి పంపుతారు, సాయంత్రం దాకా మంచం మీద సామాను ఉంచకూడదు. బట్టల మూటతో కూలికి పోతే ఎవరు పనిలో పెట్టుకుంటారు? మూట వదిలి పోతే సాయంత్రానికి ఉంటుందా? అక్కడున్న రోజుల్లో నేను విన్న గొడవల్లో ఎక్కువ భాగం పోయిన చెప్పులు, పోయిన ఫోను, పోయిన కాగితాల గురించే. కాగితాలు పోయిన మనిషికి మరుసటి రోజు నుంచి పింఛను లేదు, ఉచిత బస్సు లేదు, చివరికి ఇంకో షెల్టర్‌లో చేరడానికి కూడా వీల్లేదు.

యూరప్‌లో నిరాశ్రయుల కోసం పనిచేసే సంస్థల సమాఖ్య ఫియాంట్సా 2005లో ఒక వర్గీకరణ తెచ్చింది. ఇల్లంటే అందులో మూడు సంగతులు చూస్తారు: తనదంటూ ఒక చోటు, నలుగురి కళ్లు పడకుండా తన మనుషులతో ఉండే వీలు, వెళ్లగొట్టకుండా కాపాడే చట్టపరమైన హక్కు. నైట్ షెల్టర్లలో పడుకునేవాళ్లను కూడా అది, రోడ్డు మీద ఉన్నవాళ్లతో పాటే, ఇల్లు లేనివాళ్ల కింద లెక్కిస్తుంది. మన జనగణన మాత్రం రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, భవనం బయట ఉన్నవాళ్లనే ఇల్లు లేనివాళ్లంటుంది. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి వీధుల్లో తిరిగి వాళ్లను లెక్కపెట్టారు, దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. పెద్దమ్మ మీద కప్పు ఉంది. ఫియాంట్సా చెప్పే మిగతావాటిలో ఆమెకున్నది ఏమిటి? కేర్‌టేకర్ దయ తప్ప ఇంకేమీ లేదు.

ఇక గేటు సంగతి. రాత్రి పదింటికి తాళం వేసి తెల్లారి ఐదింటికి తీస్తారు. ఫంక్షన్ హాళ్లలో వడ్డనకు, గిన్నెలు తోమడానికి పోయే ఆడవాళ్లు కొందరు ఈ షెల్టర్‌ను నమ్ముకుని ఉన్నారు. పెళ్లి భోజనాలు అయ్యి, గిన్నెలు కడిగి బయటపడేసరికి ఒంటిగంట అవుతుంది. గేటు తీసే వేళకు వాళ్లు ఒకే రంగు యూనిఫాం చీరల్లో మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్లు. రాత్రంతా ఎక్కడున్నారంటే బస్టాపులో. ఐదింటికి లోపలికొచ్చి పడుకుంటే ఎనిమిదింటికి లేపేస్తారు. మగ కూలీల సంగతీ ఇంతే. లేబర్ అడ్డా మీద ఆరింటికల్లా నిలబడకపోతే ఆ రోజు కూలి పోతుంది, అడ్డా ఇక్కడికి రెండు బస్సుల దూరం. అందుకే అడ్డా పక్క ఫుట్‌పాత్ మీదే పడుకుంటారు. "ఎన్ని షెల్టర్లు కట్టినా వీళ్లు రారు, రోడ్డుకు అలవాటు పడ్డారు" అనే మాట నేను చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ మెట్ల మీది ఆడవాళ్లే కళ్ల ముందు కనిపిస్తున్నారు. వాళ్లు రాకపోవడం కాదు, వచ్చే వేళకు తాళం వేసి ఉంటోంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో ఇలాంటి షెల్టర్లు 24 గంటలూ తెరిచి ఉండాలని, లక్ష జనాభాకు వంద మంది చొప్పున చోటు ఉండాలని రాశారు.

రిజిస్టర్‌లో పేరు రాయించడానికి భయపడేవాళ్లూ ఉన్నారు. 2017 నవంబరులో అంతర్జాతీయ వ్యాపార సదస్సుకు ముందు ఈ నగరంలో రెండు నెలల పాటు బిచ్చమెత్తడం నిషేధించి, రోడ్ల మీద దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అది చూసినవాళ్లకు ఆధార్ అడిగే ఏ బల్ల అయినా పోలీసు బల్లే. కేర్‌టేకర్‌కు ఇది తెలుసు. అలాంటివాళ్లను ముందు పడుకోనిచ్చి, రెండు మూడు రోజులయ్యాక నెమ్మదిగా పేరు అడుగుతుంది. ఈ సేవలో అన్నిటికంటే విలువైనది నా దృష్టిలో ఆమె ఓర్పే.

తిండి విషయం రెండు ముక్కల్లో చెప్తాను. మధ్యాహ్నం ఆసుపత్రి గేటు ముందు 5 రూపాయల భోజనం ఉంటుంది, వేడిగా, శుభ్రంగా, కడుపునిండా. ఆలస్యమైతే అయిపోతుంది. రాత్రి మాత్రం దాతల మీదే ఆధారం. పండుగ వస్తే నాలుగు బళ్ల పులిహోర ఒకేసారి దిగుతుంది, సగం పారబోస్తారు. మామూలు రోజు ఎవరూ రారు.

ఐదుకు మూడు మార్కులు ఇస్తాను. ఆసుపత్రి పని మీద వచ్చే ఆడవాళ్లు భయం లేకుండా ఉండొచ్చు. చిన్న తాళం, సైకిల్ గొలుసు, కాగితాలకు జిప్ కవరు, మగ్గు తెచ్చుకోండి. ఆధార్ జిరాక్స్‌లు నాలుగైదు ఎక్కువే తీసిపెట్టుకోండి. రాత్రి పని చేసుకుని బతికేవాళ్లకు మాత్రం గేటు వేళలు మారేదాకా ఇది పనికిరాదు.

పుట్టినరోజుకు అన్నదానం చేయాలనుకునేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. పులిహోర బదులు తాళం పట్టే ఇనుప ట్రంకు పెట్టె ఒకటి కొనివ్వండి. పెట్టెలు ఇస్తే ఉంచుకుంటారా అని కేర్‌టేకర్‌ను అడిగాను, మెట్ల కింద చోటు చూపించింది. టేపు పెట్టి కొలిచాం, రెండు వరుసల్లో పన్నెండు పెట్టెలు పడతాయి. ఇచ్చే ఉద్దేశం ఉన్నవాళ్లు అడిగితే షెల్టర్ ఎక్కడుందో విడిగా చెప్తాను.