డాలస్‌లో సెకండ్ హ్యాండ్ ఎయిర్ హిచ్ (ట్రక్కుకి ట్రైలర్ తగిలించే గాలి బ్యాగ్ కొక్కెం) కొనేవాళ్లు జాగ్రత్త!!

పేరు రాయను, మన తెలుగువాళ్లకి క్యాంపింగ్ సామాన్లు అమ్ముతుంటాడే, ఆయనే. ఇవాళ పొద్దున ఇంకో హిచ్ పోస్టు పెట్టాడు కాబట్టి అర్జెంటుగా రాస్తున్నా.

శనివారం ఆయన దగ్గర 350 డాలర్లు క్యాష్ ఇచ్చి తీసుకున్నా. మధ్యలో గాలి బ్యాగ్ ఉంటుంది కదా, కుదుపంతా అదే మింగేస్తే పిల్లలు వెనక సీట్లో పడుకుంటారని నా ఆశ. "బ్యాగ్ మొన్ననే మార్చానన్నా, గాలి కొట్టుకుని వెళ్లిపోవడమే" అన్నాడు. కొట్టుకున్నా, వెళ్లా. నిన్న ఫ్రిస్కో నుంచి లేక్ టెక్సోమాకి బయల్దేరాం, షెర్మన్ రాకముందే 75 హైవే మీద బ్రిడ్జి జాయింట్ వచ్చినప్పుడల్లా ఇనుముకి ఇనుము ఢాం ఢాం, ఆపి చూస్తే బ్యాగ్ చల్లారిన పూరీలా చప్పబడి ఉంది, మడతల్లో బీటలు, వాటి మీద నల్ల సీలెంట్, పైన మెరుపు కోసం టైర్ షైన్ కూడా కొట్టాడు మహానుభావుడు.

అక్కడే ఎండలో నిలబడి ఫోన్ చేశా. "గాలి కొట్టడం రాకపోతే నేనేం చెయ్యను బ్రో, నీ ట్రైలర్ బరువెక్కువేమో" అంట! డబ్బులు చేతిలో పడేదాకా అన్నా, పడ్డాక బ్రో. ట్రైలర్ 6000 పౌండ్లని రెండుసార్లు చెప్పా, అందులో 10 నుంచి 15 శాతం టంగ్ వెయిట్, అంటే హిచ్ మీద పడే బరువు, 900 దాటదని లెక్కకట్టి "ఏనుగుని కట్టినా లాగుద్ది" అన్నది ఈయనే. స్పీకర్లో పెట్టాడేమో, పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్లీ చేస్తే బ్లాక్. 350 పోయినందుకు కాదు, ఆ నవ్వుకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

నాదీ బుద్ధితక్కువే లెండి. సైకిల్ షాపులో ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ పెరిగినవాణ్ణి, ఒక్క చెంబుడు సబ్బునీళ్లు పోసి చూడలేకపోయా. ఎంత బరువు మోస్తుందో రాసుండే రేటింగ్ స్టిక్కర్ గీకేసి ఉంటే, పాతబడి ఊడిపోయి ఉంటుందిలే అని ఆయన తరఫున నేనే సర్దిచెప్పుకున్నా. కొత్తది కొనమని మా ఆవిడ అంటే "నీకేం తెలుసు" అన్నా. ఇప్పుడు తను ఏమీ అనట్లేదు, అదే భయంగా ఉంది.

కొనేవాళ్లు సబ్బునీళ్లు తీసుకెళ్లండి, రేటింగ్ కనపడకపోతే ముట్టుకోకండి. ఉన్నవాళ్లు ట్రైలర్ తగిలించాక బ్యాగ్ మరీ అణగకుండా, మరీ ఉబ్బకుండా మధ్యలో నిలిచేలా ప్రతి ట్రిప్పుకీ గాలి చూసుకోండి, కదిలే చోట గ్రీజు పెట్టండి. గాలి బ్యాగ్ లేని మామూలు హిచ్, అదే పాత బాల్ మౌంట్, ట్రక్కులోనే పడేసి ఉంచా కాబట్టి ఎలాగో ఇంటికొచ్చాం.